మాస్టారి మారుగొంతు

మా ఆయన్ని పెద్దల సభకు మూడుసార్లు గెలిపించి పంపింది ఉపాధ్యాయులే గానీ, ఆ ప్రసంగాలన్నీ ముందుగా విన్నది మాత్రం నేనే. వంటింటి గుమ్మంలో నిలబడి "అధ్యక్షా" అని మొదలుపెట్టేవారు. పోపు మాడుతోంది, తప్పుకోండి అనేదాన్ని. తప్పుకునేవారు కాదు. లెంక సూర్నాయుడు మాస్టారంటే విజయనగరం వైపు తెలియని వాళ్ళు లేరు. పాచిపెంట కొండల్లో ఒక్క గది బడితో ఉద్యోగం మొదలుపెట్టి, ఉపాధ్యాయుల నియోజకవర్గం నుంచి ఎన్నికై, శాసనమండలిలో వెనక బెంచీ మీద ఇన్నేళ్ళు కూర్చున్న మనిషి. మాస్టారు పాఠం చెబితే పక్క ఊరి బడి పిల్లలు కూడా పాసైపోతారని మా వీధిలో వేళాకోళం చేసేవారు. అంత గొంతు.

ఆ గొంతు ఒకనాడు పొద్దున్న పేపరు పైకి చదువుతూ చదువుతూ ఆగిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. పూర్తిగా పోయినా ఒక దారిగా ఉండేది, ఒక్క మాట మాత్రం మిగిలింది. "అవును." ఆకలేస్తోందా అంటే అవును. కడుపు నిండిందా అంటే అవును. నన్ను చూస్తే చిరాగ్గా ఉందా అన్నా అవునే. ఆయనకు అన్నీ అర్థమవుతాయి, లోపల కాదనుకున్నా నోట్లోంచి వచ్చేది మాత్రం అవునే అని డాక్టర్లు చెప్పారు. తలూపమన్నా, బొత్తాం నొక్కమన్నా అదే తంతు. మెదడులో అవునూ కాదూ వెళ్ళే దారులు కలగలిసిపోయాయట.

నాకైతే ఏ అవును ఏదో వినగానే తెలిసిపోతుంది. కోపం అవును వేరు, కాఫీ అవును వేరు. ముప్ఫై ఏళ్ళు హిందీ పండితురాలిగా పనిచేసిన దాన్ని, పిల్లలు నోరు తెరవకముందే వాళ్ళేం తప్పు చదవబోతున్నారో పట్టేసిన దాన్ని, కట్టుకున్నవాడి అవును తెలియదా? కానీ పెళ్ళాం చెవి సాక్ష్యం మండలిలో చెల్లదు కదా.

మండలి వాళ్ళు అప్పటికే ఒక కొత్త నియమం చేసుకున్నారు. జబ్బుచేసి మాట పోయిన సభ్యుడికి తెలివి నిలకడగా ఉందని డాక్టర్లు రాసిస్తే, ఇంట్లోవాళ్ళు ఒప్పుకుని సంతకం పెడితే, అతని తరఫున ఒక యంత్రం సభలో మాట్లాడవచ్చు, ఓటు వెయ్యవచ్చు. దానికి మారుగొంతు అని పేరు. దాన్ని తయారుచేసింది విశాఖపట్నంలోని ఒక ప్రయోగశాల. అక్కడి పెద్ద శాస్త్రవేత్త బెహరా సువర్చల మా ఇంటికి వచ్చినప్పుడు నేను ఎవరో చీటీపాటల అమ్మాయి అనుకుని గుమ్మంలోంచే పంపించెయ్యబోయాను. అంత సాదాగా ఉంది పిల్ల. సంచిలోంచి టిఫిన్ డబ్బా అంత పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. మాస్టారు సభలో చేసిన ప్రసంగాలన్నీ, అడిగిన ప్రశ్నలన్నీ, వేసిన ఓట్లన్నీ దానికి నేర్పించానని చెప్పి, ఏదైనా అడగండి పిన్నిగారూ అంది.

ఏమడగాలో తోచక, ఇవాళ చారు ఎలా ఉందని అడిగాను.

"అధ్యక్షా," అంది పెట్టె, మా మాస్టారి గొంతుతో. "చారు విషయంలో గౌరవ సభ్యురాలు తీసుకున్న శ్రద్ధను అభినందిస్తూనే, చింతపండు కేటాయింపులు కొంత తగ్గించాలని మీ ద్వారా కోరుతున్నాను."

పొయ్యి మీద పాలు పొంగి పోయాయి. నేను కదల్లేదు. అదే గొంతు, అదే ఎత్తుకోవడం, 'మీ ద్వారా' దగ్గర అదే చిన్న దగ్గు. కుర్చీలో మాస్టారు సగం మొహంతో నవ్వుతున్నారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వి, నవ్వి, ఆ నవ్వులోనే భోరున ఏడ్చేశాను. సువర్చల పాపం కంగారుపడి నీళ్ళు తెచ్చింది. ఒప్పుకోలు కాగితం మీద ఆ పూటే సంతకం పెట్టేశాను.

ఆ తర్వాత ఇల్లు ఇల్లయింది. సభ ఉన్న రోజుల్లో పెట్టె మండలిలో మాస్టారి బెంచీ మీద కూర్చునేది, లేని రోజుల్లో మా బల్ల మీద. మొదటి వారంలోనే బడి మరుగుదొడ్ల మీద ఉపప్రశ్నలు వేసి ఒక మంత్రి చేత నీళ్ళు నమిలించింది. టీవీలో అది చూస్తూ మాస్టారు ఎడమ చేత్తో తొడ చరుచుకున్నారు. ఇంట్లో మాత్రం నన్ను పొద్దస్తమానం గౌరవ సభ్యురాలు అంటుంటే ఎంతకని ఊరుకోను? ఆ మాటే సువర్చలతో అన్నాను. నా ఫోనులో మాస్టారు పంపిన పాత కబుర్లు, పెళ్ళిళ్ళ వీడియోలు పట్టుకుపోయి అవీ నేర్పించింది. పెట్టె తిరిగొచ్చిన రోజున బల్ల మీద పెట్టీ పెట్టగానే, "ఏటే నీలా, టీ పెట్టవేటే" అంది.

నన్ను నీలా అని పిలిచేది ప్రపంచంలో ఒక్కరే. టీ పెట్టాను. రెండు కప్పులు మాస్టారికీ నాకూ, మూడోది పెట్టె ముందు. పిచ్చిదాన్నని మీరు అనుకుంటే అనుకోండి.

అంతా బాగానే ఉందనుకునే వేళకి చిన్న బడుల విలీన బిల్లు వచ్చింది. కొండల మీదా, సముద్రపు ఒడ్డునా ఉన్న చిన్న బడులు మూసి, పిల్లల్ని దూరపు పెద్ద బడుల్లో కలిపేస్తారు. మాస్టారు మొదట పాఠం చెప్పిన బడి లాంటివన్నీ పోతాయి. ఏ బిల్లు మీదైనా పెట్టె ఓటు వేసే ముందు సభ్యుడి ఎదుట దాన్ని అడిగి చూపించాలని నియమం. సువర్చల వచ్చి అడిగింది.

"పిల్లల విశాల ప్రయోజనాల దృష్ట్యా ఈ బిల్లును సమర్థిస్తున్నాను అధ్యక్షా. నా ఓటు అవును" అంది పెట్టె.

మాస్టారు ఎడమ చేత్తో కుర్చీని దబదబా బాదారు. అవును, అవును, అవును అని అరిచారు. సార్ కూడా అదే అంటున్నారని సువర్చల సంతోషపడింది. నేను ఒళ్ళు మండి, అది కాదనే అవును తల్లీ, నీ పెట్టెకి మతి పోయింది అన్నాను. ఇలాంటి బిల్లే ఇంతకుముందోసారి పల్లపు ఊళ్ళ చిన్న బడుల మీద వచ్చినప్పుడు ఆయన కాదన్నారు. ఆ రోజు గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చి, 'గట్టిగా కాదన్నానే నీలా' అని నాతో చెప్పారు. ఆ సంగతి నేను పేరంటాల్లో, పెళ్ళిళ్ళలో, చివరికి బస్సుల్లో కూడా చెప్పుకుని మురిసిపోయాను. మా మాస్టారు పదవి పోయినా సరే బడుల మీద చెయ్యి పడనివ్వరు అని.

సువర్చల తన ఫోను నా చేతికిచ్చింది. ఆ నాటి పేర్ల వారీ ఓటింగ్. లెంక సూర్నాయుడు: అవును.

మాస్టారి వైపు చూశాను. ఆయన తల వంచుకున్నారు. ఆ వంచుకోవడంతోనే నాకు సగం ప్రాణం పోయింది.

ఇన్నేళ్ళు నన్ను ఊరి మీదకి వదిలి, గొప్పలు చెప్పుకోనిచ్చి, నోరు మెదపకుండా కూర్చున్నారన్న మాట. మాట పోయిన మనిషితో దెబ్బలాడటం ఎలాగో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. నాకు తెలియలేదు. ముద్ద కలిపి నోట్లో పెట్టాను, మందులిచ్చాను, మాట మాత్రం ఇవ్వలేదు. ఆ రోజుల్లో కబుర్లన్నీ పెట్టెతోనే. అది ఏటే నీలా అంటే ఓయ్ అనేదాన్ని. కూరల ధరలు దానికే, పక్కింటివాళ్ళ గొడవలు దానికే. కుర్చీలోంచి మాస్టారు అవును అని పిలిస్తే వినబడనట్టు ఊరుకునేదాన్ని. అసలు మనిషిని మూల కూర్చోబెట్టి నకలుతో కాపురం చేశాను. అంత కోపం నాది.

వారం తిరక్కుండానే సువర్చల నన్ను విశాఖపట్నం రమ్మంది. ఫోనులో చెప్పేది కాదంది. మాస్టారిని మా ఆడపడుచుకి అప్పగించి వెళ్ళాను. ప్రయోగశాల అంటే ఏవో గాజు సీసాలు ఉంటాయనుకున్నాను, నాలుగు బల్లలూ ఒక చల్లటి గదీ తప్ప ఏమీ లేవు. ఆనాటి సభలో శబ్దం అంతా నమోదైన టేపు తెప్పించానని చెప్పి, చెవులకు పెట్టుకునేవి ఇచ్చింది.

ముందు హోరు. సంత రోజున మార్కెట్టులో నిలబడ్డట్టు. అధ్యక్షుల వారు బిల్లును ఓటుకు పెట్టారు. ఒప్పుకునేవాళ్ళంతా ఒక్కసారి అవును అన్నారు. వద్దనేవాళ్ళు ఒక్కసారి కాదు అన్నారు. దాన్నే మూజువాణి ఓటంటారు. ఎవరి గొంతులు ఎక్కువగా వినబడితే వాళ్ళదే గెలుపు, ఎవరేమన్నారో పేర్లు రాయరు. సువర్చల ఆ హోరులోంచి ఒక్కొక్క గొంతునూ తీసి పక్కన పెట్టింది, బియ్యంలో రాళ్ళేరినట్టు. ఒక్కొక్కటీ తగ్గుతూ వచ్చి చివరికి ఒక్క గొంతు మిగిలింది.

"కాదు."

వెనక బెంచీలోంచి, గోడలు అదిరేలా. మా మాస్టారే. నాతో అబద్ధం చెప్పలేదు.

వెంటనే ఎవరో పేర్ల వారీ ఓటింగ్ కావాలని పట్టుబట్టారు. గంట మోగింది. అప్పుడు పక్కనుంచి ఒక గుసగుస వినిపించింది. మాస్టారూ, విప్ జారీ అయింది, కాదంటే సభ్యత్వం పోతుంది, మీ వెనక ఉన్న యూనియన్ వాళ్ళు ఏమైపోతారో చూసుకోండి అని. మాస్టారి గొంతు మరి వినబడలేదు. బొత్తాం నొక్కిన చిన్న శబ్దం మాత్రం వినబడింది. అది ఆయన రెండో విడత, ఒక పార్టీ తరఫున గెలిచారు. విప్ అంటే ఆ పార్టీ ఆజ్ఞ, దాటితే పదవి పోతుంది. మూడో విడతకి ఆ పార్టీకి దణ్ణం పెట్టి బయటికొచ్చి, స్వతంత్రుడిగా గెలిచారు. ఎందుకొచ్చేశారో నాతో ఎప్పుడూ చెప్పలేదు.

సువర్చల కళ్ళనిండా నీళ్ళు. పేర్లతో నమోదైన ఓట్లన్నీ దాదాపుగా విప్ ఉన్నప్పటివేనట. ఆయన మనసారా అన్న కాదులన్నీ మూజువాణిలో అన్నవి, అవి ఏ రికార్డులోనూ లేవు.

"నేను సార్‌ని తయారు చేశాననుకున్నాను పిన్నిగారూ. విప్‌ని తయారు చేశాను" అంది.

విప్ లేని రోజున కూడా విప్‌కు లొంగే యంత్రం అది. టేపుల్లోని కాదులు కూడా నేర్పించి చూసిందట. ఇప్పుడు ఈ బిల్లు గురించి అడిగితే పెట్టె తటస్థం అంటోంది. ఒకే పూట రెండు మాటలన్న మనిషి ఆ తర్వాత ఇంటికెళ్ళి ఏమనుకున్నాడో, ఎన్నాళ్ళు కుమిలిపోయాడో అది ఏ టేపులోనూ లేదు, కాబట్టి దానికి తెలియదు. తెలిసింది ఒక్క మాస్టారికే.

అయితే ఆయన్నే చెప్పనివ్వు అన్నాను. సువర్చల చిక్కు చెప్పింది. పేర్ల వారీ ఓటైతే, ఆయన నొక్కే బొత్తాం నమ్మడానికి లేదన్న డాక్టర్ల కాగితం అడ్డం వస్తుంది. మూజువాణికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, సభ్యుడు సభలో ఉంటే చాలు. కానీ మారుగొంతు ఉన్నంతకాలం సభ్యుడి సొంత మాట లెక్కలోకి రాదు. ఆయన మాట చెల్లాలంటే నేను నా ఒప్పుకోలు వెనక్కి తీసుకోవాలి. తీసుకుంటే పెట్టెకి సీలు వేసి మండలి వాళ్ళు పట్టుకుపోతారు. నీలా అనే పిలుపుతో సహా.

ఇంటికొచ్చి మాస్టారి ముందు కింద కూర్చున్నాను. టేపు విన్నానని చెప్పాను. అలిగినందుకు చెంపలేసుకోను, నాతో చెప్పకపోవడం తప్పే, కానీ కాదన్నది నిజమే కాబట్టి సగం క్షమించానని చెప్పాను. మిగతా సగం సంగతి తర్వాత చూద్దామన్నాను. ఆయన కళ్ళు చెమర్చాయి. సభకి మీరే వెళ్తారా, పెట్టెని పంపుదామా అని అడిగాను. అవును అని ఆయన ఎడమ చెయ్యెత్తి, ముందు పెట్టెని పక్కకి తోసెయ్యమన్నట్టు విదిలించి, తర్వాత తన గుండె మీద తట్టుకుని వీధి గుమ్మాన్ని చూపించారు.

అయితే అసలు భయం అప్పుడు మొదలైంది. ఆయనకున్నది ఒక్క మాట. ప్రశ్న చెవిన పడితే చాలు, ఆ మాట తన్నుకుని బయటికొచ్చేస్తుంది. ఒప్పుకునేవారు చెప్పండి అనగానే అవును అనేస్తే? యంత్రం తప్పు ఓటు వేస్తే యంత్రం మీద పెట్టుకోవచ్చు. అప్పుడు బొత్తాం నొక్కి, ఇప్పుడు సొంత నోటితో కూడా బడులు మూయించానన్న బాధ ఆ మనిషి తట్టుకోలేడు. అందుకని ఇంట్లో అభ్యాసం పెట్టాను. నేను అధ్యక్షురాలినై, ఒప్పుకునేవారు అనగానే, మాస్టారూ కాసేపు నోరు మూసుకోండి అనేదాన్ని. అవును అనేవారు. మళ్ళీ అడిగితే మళ్ళీ అవును. ఒక్కసారీ ఆపుకోలేకపోయారు. ఆపుకోలేక, తన మీద తనకే కోపమొచ్చి, చెక్క మంచాన్ని గుద్దేవారు. మానేద్దామా మాస్టారూ, ఇంట్లోనే ఉండిపోదామా అన్నాను. ఆ అవునుకి అర్థం నేను చెప్పక్కర్లేదు, గుడ్లురిమారు.

సంతకం పెట్టే రోజున మండలి మనుషులు హాల్లో కూర్చుని ఉండగా, పెట్టెని వంటింట్లోకి పట్టుకెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. నిన్ను పంపించెయ్యనా అని అడిగాను. దాన్ని అడగడం ఏమిటో నాకే తెలియదు.

"నువ్వు ఆలోచించకుండా ఏదీ చెయ్యవు కదే నీలా" అంది.

మా పెళ్ళినాటి నుంచీ ఆయన నన్ను ఊరడించే మాట అది. కాసేపు ఆ రేకు పెట్టెని గుండెకి హత్తుకుని నిలబడి, తర్వాత పట్టుకెళ్ళి వాళ్ళకిచ్చేసి సంతకం పెట్టాను.

బిల్లు రోజున మాస్టారిని చక్రాల కుర్చీలో వెనక బెంచీ పక్కన కూర్చోబెట్టారు. ఉతికిన ధోవతి, భుజాన కండువా. బయటివాళ్ళు సభలో పక్కన ఉండకూడదు కాబట్టి నేనూ సువర్చలా పైన సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాం. చర్చ చాలాసేపు సాగింది. ఎవరు ఏ ప్రశ్న వేసినా మాస్టారు అవును అంటూనే ఉన్నారు. కుర్రసభ్యులు కొందరు వెనక్కి తిరిగి చూసి నవ్వారు. నేను గ్యాలరీ కటకటాలు పట్టుకుని, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను.

అధ్యక్షురాలు మెహరున్నీసా గారు లేచి బిల్లును ఓటుకు పెట్టారు. ఆమోదించేవారు అవును అనండి అన్నారు.

సభ గొంతెత్తింది. మాస్టారి నోరు తెరుచుకోవడం పైనుంచి చూశాను. అయిపోయిందనుకున్నాను. అంతలో ఆయన ఎడమ చెయ్యి కండువా లాగి, చెంగు మొత్తం నోట్లో కుక్కేసింది. మొహం ఎర్రబడింది, మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. కండువా మాత్రం వదల్లేదు. ఇది నేను నేర్పింది కాదు. ఆ క్షణంలో ఆయనకే తోచింది.

వ్యతిరేకించేవారు కాదు అనండి అన్నారు అధ్యక్షురాలు.

అటూ ఇటూ కొన్ని కాదులు వినబడ్డాయి, నీరసంగా. మాస్టారు కండువా లాగి పారేశారు.

"అవును!"

పాచిపెంట కొండల్లో బడి గంట లేని రోజుల్లో పిల్లల్ని పిలిచిన గొంతది. గోడలు మారుమోగాయి. ముందు నవ్వులు వచ్చాయి. తర్వాత ఒక్కొక్కరే ఆగిపోయారు. ఒక సభ్యుడు లేచి, సూర్నాయుడు గారు అవునన్నారు కాబట్టి ఆమోదించిన వారిలో చేర్చాలన్నాడు. మెహరున్నీసా గారు కళ్ళజోడు తీసి అతన్ని కూర్చోమన్నారు.

"ఆయన ఏ మాట అన్నారన్నది కాదు. ఏ పిలుపుకి పలికారో నేను చూశాను. మొదటి పిలుపుకి నోరెలా మూసుకున్నారో కూడా చూశాను" అన్నారు. తర్వాత రాసుకునే వాళ్ళ వైపు తిరిగి, మూజువాణిలో పేర్లు రాసే ఆనవాయితీ లేకపోయినా, బిల్లును వ్యతిరేకించిన వారిలో లెంక సూర్నాయుడు గారు ఉన్నారని ఈ ఒక్కసారికి రాయమన్నారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆ తర్వాత అవునన్నవారే ఎక్కువని, బిల్లు ఆమోదం పొందిందని ప్రకటించారు.

సువర్చల నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేను మెట్లు దిగి లాబీలోకి పరుగెత్తాను, ఈ మోకాళ్ళతో. మార్షల్ ఆయన కుర్చీని తలుపు దగ్గరికి తెచ్చాడు. మాస్టారు అలిసిపోయి, చెమటలు కారుతూ, నా మొహంలోకి చూశారు. నేనేమంటానోనని చూశారు, అంతమంది సభ్యులున్న సభలో అరిచిన మనిషి.

"ఓడిపోయాం మాస్టారూ" అన్నాను.

"అవును" అన్నారు. సగం మొహం నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకూ ఆగలేదు. మార్షల్ తెల్లబోయి చూస్తుండగా, ఆయన కుర్చీ తోసుకుంటూ ఇద్దరం నవ్వుకుంటూ లిఫ్టు వైపు నడిచాం.